సెకండ్ పాడే తమ్ముడి దివిసీమ ప్రయాణం

అనంతపురంలో నన్ను అన్నా అని పిలవని మనిషి లేడు. అక్కడ కళ్ళద్దాల షాపు పెట్టి చాలా ఏళ్ళయింది. పళ్ళూడిపోయిన తాతలు కూడా లోపలికి వస్తూనే "ఏమన్నా, బాగుండావా?" అంటారు. ఆ ఊళ్ళో మగవాడు కనపడితే చాలు, అన్నే. కృష్ణా జిల్లాలో అలా కాదు. ముక్కూ మొహం తెలియని మనిషిని కూడా బావగారూ అనో, బాబాయ్ అనో, మావయ్యా అనో ఏదో ఒక చుట్టరికంలో కట్టేసి గానీ మాట మొదలుపెట్టరు. ఇన్నేళ్ళుగా ఊరందరికీ అన్నగా బతుకుతున్న నేను పుట్టుకతో తమ్ముణ్ణి. ఆ సంగతి నాకే మరుపున పడుతున్న రోజుల్లో, పోయిన నవంబరులో, మా అన్నయ్య కోసం గుడివాడ నుంచి దివిసీమ దాకా వెళ్ళొచ్చాను. "ఏముందన్నా ఆడ, నీళ్ళూ వరీ తప్ప?" అని షాపుకొచ్చే మిత్రులు అడిగారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అన్నయ్య కోసం వెళ్ళానంటే అతనేమీ తప్పిపోలేదు. ఎక్కడుంటాడో తెలుసు, ఫోన్ నంబరూ ఉంది. క్రిస్మస్‌కీ, పుట్టినరోజులకీ మాట్లాడుకుంటాం. "ఏంట్రా సంగతులు?" "ఏముంటాయి, నడుస్తున్నాయి." అక్కడితో సరి. మా మధ్య గొడవేమీ లేదు. ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను, తీర్చుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

గుడివాడ, ఆ పక్కనే మా ఊరు

గుడివాడలో దిగగానే పెసరట్టు ఉప్మా తిన్నాను. అరవై రూపాయలు. మా దగ్గర ఆ డబ్బుకి ఇద్దరు కడుపు నిండా ఉగ్గాని, బజ్జీ తిని టీ కూడా తాగుతారు. కానీ అల్లం పచ్చడి నాలిక మీద పడ్డాక ధర సంగతి మర్చిపోయాను. హోటలాయన నా యాస విని "ఏ ఊరండీ మీది?" అన్నాడు. "ఇక్కడే, నందివాడ దగ్గర" అంటే నమ్మలేదు. సొంత జిల్లాలో పరాయివాణ్ణయిపోయానని ఒళ్ళు మండింది, ఇంకో పెసరట్టు తెమ్మన్నాను.

మా ఊరి చర్చికి వందేళ్ళు నిండాయి. ఆ వారంలో వచ్చే ఆదివారమే పండగ. పాస్టరు గారు నెల ముందే ఫోన్ చేసి, "చిన్నప్పుడు మీ అన్నదమ్ములు పాడేవారట కదండీ, సాల్మన్ మాస్టారు కట్టిన క్రిస్మస్ పాట. ఆ పాట మీ ఇద్దరికి తప్ప ఎవరికీ రాదంటున్నారు. మీరు పాడాలండీ" అన్నారు. అది నిజమే. మా ఊరి పిల్లలకి చర్చి పాటలు నేర్పిన మాస్టారు సొంతంగా కట్టిన పాట, ఎక్కడా అచ్చు కాలేదు, ఆయన పోయి చాలా కాలమైంది. అన్నయ్యకి ఫోన్ చేస్తే "నేను రాన్రా. నాకు గొంతు లేదు" అని పెట్టేశాడు.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే మరియమ్మ మామ్మ చర్చి అరుగు మీద కూర్చుని ఉంది. రెండు కళ్ళలోనూ శుక్లం బాగా ముదిరిపోయింది. కళ్ళు చూడటమే నా వృత్తి కాబట్టి చూడగానే తెలిసిపోయింది. చెయ్యి పట్టుకుని, "ఎవరూ, దానియేలు కొడుకువా? పెద్దోడివా, చిన్నోడివా?" అంది.

"చిన్నోణ్ణి మామ్మా."

"పెద్దోడు రాలేదా మరి?"

మాకు జయపాల్, విజయపాల్ అని శుభ్రమైన పేర్లున్నాయి. ఊళ్ళో ఎవరూ వాడలేదు. పెద్దోడు, చిన్నోడు, అంతే. కళ్ళకి ఆపరేషన్ చేయిస్తాను రమ్మంటే మామ్మ నవ్వేసింది. "గొంతుని బట్టి పోల్చుకుంటన్నాగా, చాల్లే" అంది.

సాయంత్రం చర్చిలో పిల్లల రిహార్సలు. కీబోర్డు వాయించే అమ్మాయి షారోన్, ఇంజనీరింగ్ చదువుతోంది. "మీరు పాడండి అంకుల్, నేను పట్టుకుంటాను" అంది. గొంతు సవరించుకుని పాడాను. అయ్యాక ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "బాగుందండీ. ఇంతకీ పాట ఎప్పుడు మొదలవుద్ది అంకుల్?" అంది. వెనకాల పిల్లలు పగలబడి నవ్వారు.

ఆ పిల్ల తప్పేం లేదు. నాకు వచ్చింది సెకండ్ మాత్రమే. ఫస్ట్ అంటే పాట అసలు బాణీ. సెకండ్ అంటే దాని కిందగా, దాన్ని ఆనుకుని నడిచే రెండో గొంతు. రెండూ కలిస్తేనే నిండుగా ఉంటుంది. సెకండ్ ఒక్కటే వింటే ఎవరో గోడ అవతల గొణుక్కుంటున్నట్టు ఉంటుంది. సాల్మన్ మాస్టారు ప్రతి ఇంట్లోనూ పెద్దవాడికి ఫస్ట్, తర్వాతవాడికి సెకండ్ ఇచ్చేవారు. అది ఆ ఊరి పద్ధతి, ఎవరూ ఎందుకని అడగలేదు. అన్నయ్య రాకపోతే ఆ పాట లేదు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

పామర్రు

రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి ఉంది. మిగిలిన సగంలో బస్సులూ, లారీలూ, కోత మిషన్లూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ వెళ్తున్నాయి. మా వైపు వేరుశనక్కాయలు కూడా ఇంత ధైర్యంగా రోడ్డు మీద పోయరు. మా డ్రైవరు ధాన్యం రాశి తగలకుండా బస్సుని అంగుళాల మీద నడిపాడు, కిటికీలోంచి మొహం పెట్టి ఆ రైతుని తిడుతూనే నడిపాడు.

పామర్రు సెంటర్లో బస్సు మారాను. ఎదురు సీట్లో ఒకావిడ ఇద్దరు మగపిల్లలతో కూర్చుంది. కిటికీ సీటు కోసం ఇద్దరూ కొట్టుకుంటున్నారు. "నువ్వు పెద్దోడివి కదరా, తమ్ముడికి ఇచ్చెయ్" అందావిడ. పెద్దవాడు లేచి ఇచ్చేశాడు. వాడికి మహా అయితే ఒక ఏడాది ఎక్కువ ఉంటుందేమో. బందరు దాకా తమ్ముడి వైపూ, కిటికీ వైపూ చూడకుండా టిక్కెట్టు కాగితం నలుపుతూ కూర్చున్నాడు. మా ఇంట్లో కిటికీ సీటు నాది. అన్నం ముందు వడ్డించేదీ నాకే. "చిన్నోడు తినేశాక నువ్వు కూచో" అని అమ్మ అంటే అన్నయ్య గుమ్మం దగ్గర నుంచునేవాడు. అప్పుడు అదేదో నా గొప్పనుకునేవాణ్ణి.

బందరు

బోర్డుల మీద మచిలీపట్నం, నోటి మీద బందరు. కలంకారీ దుప్పటి ఒకటి బేరమాడి ఓడిపోయాను. తర్వాత అన్నయ్య ఇంటర్‌కి ఉన్న హాస్టల్ వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ చోట ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. ఎవరిదో పెళ్ళి, గేటు మీద పూల అక్షరాలు. వాచ్‌మన్ నన్ను పెళ్ళివారి మనిషనుకుని "టిఫిన్లు మేడ మీదండీ బాబాయ్" అన్నాడు. వెళ్ళి తిన్నా ఎవరూ అడిగేవారు కాదు.

అన్నయ్య పదిహేనో ఏట జరిగిన సంగతి చెప్పాలి. ఆ క్రిస్మస్ రోజు ఇద్దరం పాడుతుంటే చరణంలో పై స్థాయి దగ్గర అన్నయ్య గొంతు ఒక్కసారిగా చీలిపోయింది. గొంతు మారే వయసు, అంతకన్నా ఏం లేదు. జనం కిసుక్కుమన్నారు. అన్నయ్య ఆగిపోయాడు. నేను సెకండ్ పాడుతూనే పోయాను, ఒక్కణ్ణే, పాట చివరిదాకా. ఇంటికొచ్చాక నాన్న "పెద్దోడివయ్యుండి మధ్యలో ఆపేస్తావా?" అన్నాడు. అన్నయ్య మళ్ళీ పాడలేదు. తర్వాతి జూన్‌లో ట్రంకుపెట్టెతో ఈ హాస్టల్‌కి వచ్చేశాడు. ఇంట్లో నన్ను చిన్నోడా అని పిలుస్తూనే ఉన్నారు. పెద్దోడు లేని ఇంట్లో చిన్నోడంటే ఎవరికి చిన్నోడో నాకు తెలిసేది కాదు. పక్కన ఖాళీగా ఉన్న చాప మీద పుస్తకాలు పరుచుకుని పడుకునేవాణ్ణి. సెలవులకి వచ్చినప్పుడు అన్నయ్య పొడుగ్గా, మాట తక్కువగా, ఎవరో చుట్టాలబ్బాయిలా ఉండేవాడు. నా మీద కోపమనుకున్నాను. ఆ అనుమానం అలాగే ఉండిపోయింది.

లడ్డూ కొనకుండా బందరు దాటకూడదు. ఇక్కడి లడ్డూ బూందీతో చేయరు. శనగపిండి జంతికలు నేతిలో వేయించి, రోట్లో తొక్కి, పాకంలో కలిపి మళ్ళీ తొక్కుతారు. కొట్టాయన రుచికి ఒకటి చేతిలో పెట్టి, "ఎవరికండీ?" అన్నాడు.

"మా అన్నయ్యకి. నాక్కూడా."

"అయితే అరకేజీలు రెండు కట్టనా, కేజీ ఒకటి కట్టనా?"

ఆ మాత్రం దానికి నేను చాలాసేపు ఆలోచించాను. "ఒకటే కట్టండి" అన్నాను. అది ఇంకా వెచ్చగా ఉంది. ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కితే చల్లపల్లి వచ్చేసరికి నెయ్యి కారి, ప్యాంటు మీద కృష్ణా జిల్లా పటం అంత మరక పడింది.

పులిగడ్డ దాటాక

చల్లపల్లిలో ఎక్కి పక్కన కూర్చున్నాయన రొయ్యల చెరువుల రైతు. మరక చూసి జాలిపడి, మాటల్లోకి దించి, నా మొహం పరీక్షగా చూశాడు. "మీరు ల్యాబ్ జయపాల్ గారి తమ్ముడా ఏంటి?" అన్నాడు. అన్నయ్య నాగాయలంకలో చెరువు నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబ్ నడుపుతాడు. వదిన విజయవాడలో నర్సు, పాప చదువూ అక్కడే. వారంలో ఎక్కువ రోజులు అన్నయ్య ఒక్కడే ఉంటాడు.

"ఆయన నీళ్ళు బాలేవంటే బాలేనట్టేనండీ. ఇంకో మాట మాట్లాడరు. అసలాయన గొంతు వినాలంటే ఆదివారం చర్చికి పోవాల్సిందే" అన్నాడు రైతు.

"చర్చిలో పాడతాడా?"

"ఎందుకు పాడరండీ, వెనక వరసలో నుంచుని. మీకు తెలవదా?"

బస్సు పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటుతోంది. పక్కనే అక్విడక్టు మీద కాలువ నదిని దాటుకుంటూ పోతోంది. నది మీద నది నడవడం మీరెవరూ చూసి ఉండరు, తప్పకుండా చూడాలి. నేను మాత్రం సరిగ్గా చూడలేదు. గొంతు లేదన్నవాడు ప్రతి ఆదివారం పాడుతున్నాడన్న మాట చెవిలో పడ్డాక నాకు ఏడుపొచ్చినంత పనైంది. గొంతు ఉంది, నాతో పాడటానికే లేదు, అనుకున్నాను.

వస్తున్నానని బందరులోనే ఫోన్ చేశాను, అవనిగడ్డకి అన్నయ్య బండి వేసుకుని వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ముందు నన్ను చూశాడు, తర్వాత ప్యాంటు చూశాడు.

"లడ్డూ వెచ్చగా ఉన్నప్పుడు కట్టించుకున్నావా?"

"నీకెలా తెలుసు?"

"నాన్న కూడా అంతే చేసేవాడు, హాస్టల్‌కి తెచ్చినప్పుడు" అన్నాడు. నన్ను వెనక ఎక్కించుకుని బండి నాగాయలంక వైపు తిప్పాడు.

నాగాయలంక

మధ్యాహ్నం అన్నయ్యే వండాడు. బొమ్మిడాయిల పులుసు, ఎండు మామిడికాయ ముక్కలు వేసి. ఇది తినడానికి నేర్పు కావాలి, తలా తోకా చూసుకుని మధ్యలో ముల్లు లాగెయ్యాలి. అనంతపురంలో చేపంటే ఫ్రై ఒక్కటే, పులుసు పెడితే ఏంటిదని చూస్తారు. "కూచో" అని నాకు వడ్డించి, తను పొయ్యి గట్టుకి ఆనుకుని నుంచున్నాడు.

"నువ్వూ కూచో అన్నయ్యా."

"నువ్వు తిను. నేను తర్వాత తింటా."

యాభై దాటిన మనిషి, సొంత ఇంట్లో, తమ్ముడు తినే దాకా నుంచున్నాడు.

ఎండ తగ్గాక కృష్ణ ఒడ్డుకి వెళ్ళాం. నాగాయలంక దగ్గర నది చాలా వెడల్పు, సముద్రం దగ్గరపడటం వల్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి. పడవలు ఒడ్డుకి కట్టేసి ఉన్నాయి. ఇంక దాచుకోవడం నా వల్ల కాలేదు. "బస్సులో ఒకాయన చెప్పాడు, చర్చిలో పాడతావంట. నాతో ఎందుకు అబద్ధం చెప్పావు?" అని అడిగేశాను.

అన్నయ్య కట్టేసిన పడవ అంచు మీద కూర్చున్నాడు. "అబద్ధం కాదు. ఫస్టుకి గొంతు లేదనేరా నా ఉద్దేశం. ఇక్కడ కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారు కొయిర్ పెడతా అందర్నీ విడివిడిగా పాడించారు. నాది వినీ వినగానే, మీది కింద గొంతండీ, మీకు ఫస్టు ఎవరిచ్చారు అన్నారు. అప్పట్నుంచి సెకండే పాడతన్నా."

"సెకండ్ నాది కదా" అన్నాను. చిన్నపిల్లాడి మాటే, కానీ వచ్చేసింది.

"అదేరా నేను చెప్పేది. మాస్టారు మంచోడే గానీ, పుట్టిన వరసలో పంచాడు, గొంతు చూసి పంచలేదు. నీదేమో పై గొంతు. ఇప్పటికీ ఫోన్లో నిన్ను మేడమ్ అంటారుగా?"

అంటారు. నేను నవ్వకుండా ఉండలేకపోయాను.

"ఆ క్రిస్మస్ రోజు నువ్వు ఫస్టు అందుకుని, నేను కిందకి దిగితే అయిపోయేది. ఎవరికీ తట్టలేదు. పెద్దోడు సెకండ్ పాడటమేంటి మరి!" అన్నాడు. "నువ్వు ఆపకుండా పాడతానే ఉన్నావు, నా వైపు చూస్తా. నేను మళ్ళీ అందుకుంటానని చూస్తన్నావని నాకు తెలుసు. అందుకోలేకపోయా. తర్వాత నీ మొహం చూడాలంటే సిగ్గేసేది. హాస్టల్లో నన్నెవరూ పెద్దోడా అనేవాళ్ళు కాదు. మొదటి వారం హాయిగా ఉంది. తర్వాత చూసుకుంటే, అది కాక నేనింకేంటో నాకే తెలవలేదు. సెలవులకి ఇంటికొస్తే మళ్ళీ పెద్దోణ్ణి. ఏడవకూడదు, ఆపకూడదు, ముందు తినకూడదు."

ఇన్నేళ్ళలో అన్నయ్య నాతో ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. నా మీద కోపం అనుకుంటూ నేను అక్కడ ఒక్కణ్ణీ, నాకు మొహం చూపించలేక అతను ఇక్కడ ఒక్కడూ, ఇద్దరం సగం సగం పాటతో బతికాం. నాకు బాధేసింది, అంతకన్నా ఎక్కువ తేలికపడ్డాను.

"అయితే ఆదివారం వస్తావా?"

"వస్తా. సెకండ్ అయితేనే."

"నాకు ఫస్ట్ రాదు అన్నయ్యా."

"అన్నేళ్ళు నా పక్కన నుంచుని విన్నావు. రాకపోవడమేంటి?"

నేను కాదనేలోపే మొదలుపెట్టేశాడు. నా భాగం, నా సెకండ్, అతని బరువైన గొంతులో. నోరు తెరిచాను గానీ రాలేదు. అన్నయ్య ఆపలేదు. నా వైపే చూస్తూ, బాణీ లేని ఆ పాటని ఒక్కడే చివరిదాకా పాడాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. ఈసారి అందుకున్నాను. ఎక్కడుందో తెలియదు, మాట వెనక మాట వచ్చేస్తోంది. పై స్థాయి దగ్గర నా గొంతు కూడా వణికింది. కింద అన్నయ్య గొంతు కదలకుండా ఉంది, దాని మీద నిలబడి దాటేశాను. పడవ కడిగే ఆయన చీపురు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. "బాగుందండీ, మళ్ళీ పాడండి" అన్నాడు.

మళ్ళీ మా ఊరు

ఆదివారం చర్చి బయట షామియానా దాకా జనం. పాస్టరు గారు మైకులో "పెద్దబ్బాయి జయపాల్ గారు ఫస్టు, చిన్నబ్బాయి విజయపాల్ గారు సెకండు" అని చదివేశారు. అన్నయ్య దిద్దలేదు, నా వీపు మీద తట్టాడు. నేను ఎత్తుకున్నాను. షారోన్ కీబోర్డు మీద వెంటనే పట్టేసుకుంది. పాట ఎప్పుడు మొదలవుతుందని ఈసారి ఎవరూ అడగలేదు.

ఆరాధన అయ్యాక భోజనాలు. టేబుళ్ళ దగ్గర మరియమ్మ మామ్మ తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పెద్దోడా! నీ గొంతు ఏం మారలేదురా. ఆ రోజు ఆపేశావే, మళ్ళీ ఎప్పుడు పాడతావా అనుకున్నా" అంది. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

కాదు మామ్మా, అని చెప్పబోయాను. అన్నయ్య నా భుజం నొక్కాడు.

"మరి ఈ పక్కనెవరు?" అంది మామ్మ.

"నేను మామ్మా," అన్నాడు అన్నయ్య. "చిన్నోణ్ణి."

"అట్టా నుంచున్నావేరా! కూచో, కూచో" అని మామ్మ వడ్డించేవాళ్ళని కేకేసింది. "అమ్మాయ్, చిన్నోడికి ముందు పెట్టండే. పెద్దోడు ఆగుతాడు."

అన్నయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. విస్తట్లో అన్నం పడింది, మీద పప్పు పడింది, కూర పడింది. అతను తలెత్తి నన్ను చూసి, తినడం మొదలుపెట్టాడు. అతను తినేదాకా నేను కుర్చీ వెనకాల నుంచున్నాను.